ఇంటిలో పండ్ల రుచిగల చల్లని తేనీరు



నేడు నేను చెప్పబోవు విషయము చాల చిన్నది. పండ్ల పాకము కలిపిన తేనీటిని చల్లబరచి యింటిలో నెట్లు తయారుచేసికొనవచ్చునో చెప్పెదను. ఇందులో చెప్పుటకేమున్నది, టీ కాచి, పండ్లరసము పోసి, మంచుగడ్డ వేసిన సరిపోవును గదా యని మీరనవచ్చును. నేనును ఒకప్పు డట్లే యనుకొంటిని. అట్లనుకొనుటవలన మా యింట నేమి జరిగినదో ముందు విన్నవించి, పిమ్మట పద్ధతి చెప్పెదను.

మా కాపురము అరకులోయలో. సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైబడిన యెత్తున నున్న చోటు. చుట్టును తూర్పు కనుమలు. వాలులపై సిల్వరు ఓకు చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగలు. కోదులు, భగతలు, వాల్మీకులు, కొండదొరలు మొదలగు గిరిజనులు పండించిన అనాసలు, అల్లము, పసుపు, చింతపండు వారపు సంతలకు దిగును. తేయాకు మాత్రము అస్సామునుండియో, నీలగిరులనుండియో వచ్చి మా యంగళ్లలో దొరకును. కనుక మా యింటి చల్లని తేనీటిలో పండు మా కొండది, ఆకు పొరుగువారిది.

ఒక యేడు జూన్ మాసమున మా చెల్లెలు, మరిది, వారి పిల్లలిద్దరును విశాఖపట్టణపు ఉక్కకు తాళలేక, కిరండూలు రైలెక్కి, సొరంగములు లెక్కపెట్టుకొనుచు మా యింటికి వచ్చిరి. అప్పుడే తొలి అనాసలు సంతలోనికి వచ్చినవి. పిల్లలకు చల్లగా నేదైన నీయవలెనని నాకు సరదా పుట్టినది. నీరు బాగుగా తెర్లించితిని. తేయాకు వేసి వడగట్టితిని. అనాస ముక్కలు ఉడికించి పాకము పట్టితిని. ముందునాటి గాలివానకు కరెంటు పోయి మా ఫ్రిజ్జు పని చేయుటలేదు. అందుచేత సంతలో ఊకలో కప్పి యుంచిన మంచుపలకలోని ముక్క నొకదానిని కొని తెచ్చి, పగులగొట్టి తేనీటిలో వేసితిని. పిల్లలు రెండేసి గ్లాసులు త్రాగి, ఇంకను కావలెననిరి. నేను పొంగిపోతిని.

మరునాటి సాయంకాలమునకు ఇద్దరికిని విరేచనములు, జ్వరము. మూడు దినములు వైద్యుడు చెప్పినట్లు ఓ.ఆర్.ఎస్. నీరు చెంచాతో పట్టుచు, రాత్రులు మేలుకొని కూర్చుంటిమి. చిన్నవాడు కన్నులు లోతుకుపోయి, పిలిచినను పలుకక పడియున్న ఆ రెండవ రాత్రిని నేను మరువలేను. వారు కోలుకొనిరి, అంతవరకు మేలు.

మరుసటి వారము సంతలో నాకు అనాసలమ్మిన ముసలమ్మ పిల్లల మాట అడిగినది. జరిగినదంతయు చెప్పి, “నీళ్ళు కాచే చేశాను గదా, అవ్వా!” అని వాపోతిని. ఆమె తన పండ్లు సర్దుకొనుచునే, “మరి ఆ అయిసు ఏ గెడ్డ నీళ్ళమ్మా?” అని యడిగినది. మా ప్రాంతమున సెలయేటిని గెడ్డ యందురు. నాకు బదులు తోచలేదు. ఆ నీటి నెవరు తోడిరో, ఎక్కడ తోడిరో, కాచిరో లేదో నే నడుగనేలేదు. ఆ మంచుచేతనే పిల్లలకు జబ్బు చేసినదని నేను నిరూపింపజాలను. కాని నేను చేసినదానిలో నిప్పు తగులని వస్తువు అదియొక్కటియే.

ఆ ముసలమ్మ ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు మూలము. వేడి టీ త్రాగువానిని ఒక విషయమున అగ్నియే కాపాడుచున్నది. నీరు తెర్లినగాని టీ కాదు గదా. చల్లని తేనీటిలో ఆ రక్షణను మనమే తీసివేయుచున్నాము. అగ్నిచేత శుభ్రపడిన నీటిలో, ఎచ్చటిదో తెలియని నీటిని గడ్డకట్టించి తెచ్చి వేయుచున్నాము. గడ్డకట్టినంతమాత్రమున నీటిలోని క్రిములు చావవు. టైఫాయిడు క్రిమివంటివి మంచులో నిద్రపోయినట్లుండి, మంచు కరిగినంతనే లేచును. అందులోను చేపలు నిలువచేయుటకై తయారుచేసిన మంచునకును, త్రాగుటకై తయారుచేసినదానికిని చూపులకు భేదముండదు. ఈ ప్రమాదమును గుర్తించియే మహారాష్ట్ర ప్రభుత్వమువారు 2018లో, తినుటకు పనికిరాని మంచుకు నీలిరంగు కలుపవలెనని శాసించిరి. రంగు లేనిచోట మన వివేకమే మనకు రక్ష.

మంచు మన దేశమున నొకప్పుడు అపురూపమైన వస్తువు. 1833లో అమెరికాదేశపు బోస్టను రేవునుండి, చెరువులపై కోసిన మంచును ఓడలో నింపి కలకత్తాకు తెచ్చిరి. చెన్నపట్టణమున ఆ మంచును దాచుటకు 1842 ప్రాంతమున కట్టిన ఐసుహవుసు భవనము సముద్రపుటొడ్డున నేటికిని నిలిచియున్నది. ఇక మంచు వేసిన తేనీరు లోకమునకు బాగుగా తెలిసినది 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరపు ప్రదర్శనమువలన నందురు. అచ్చట మన దేశపు టీని ప్రచారముచేయ వచ్చిన రిచర్డు బ్లెచిండెన్ అను నాతడు, ఎండలో వేడి టీ ముట్టువారు లేకపోగా దానిని మంచుతో చల్లార్చి పంచెనని కథ. ఆతడు ప్రచారముచేసిన మాట నిజమే కాని, కనిపెట్టినవాడు మాత్రము కాడు. 1879 నాటి అమెరికా వంటపుస్తకములోనే దాని విధానము అచ్చుపడియున్నది.

ఇక పద్ధతికి వచ్చెదము.

మొదట నీరు. ముందురోజుననే రెండు లీటర్ల నీటిని తెర్లించుడు. పెద్ద బుడగలతో కుతకుత ఉడుకుచు ఒక నిమిషము నిలిచిన చాలును. కొండలపై నీరు తక్కువ వేడిమికే తెర్లును. అరకులో నది సుమారు 97 డిగ్రీలు. అయినను క్రిములు చచ్చుటకు ఆ వేడిమి సరిపోవును. 2000 మీటర్లకు మించిన యెత్తులలో మూడు నిమిషములు తెర్లింపవలెనందురు; మా కొండలలో అంత యెత్తు శిఖరము లేదు. ఆ నీటిని మూతపెట్టి చల్లార్చి, సగము శుభ్రమైన పళ్లెములలో పోసి ఫ్రిజ్జులో గడ్డకట్టింపుడు. తక్కిన సగము మరునాడు టీకి వాడుడు. మంచుకును, టీకిని ఒకే నీరు: ఈ యొక్క నియమమును మరువకుడు.

రెండవది తేయాకు. మంచు కరిగి పలుచనగును గనుక, వేడి టీకంటె కొంచెము చిక్కగా దింపవలెను. ముప్పాతిక లీటరు నీటికి 10 గ్రాముల ఆకు, అనగా చిన్న చెంచాతో నాలుగైదు చెంచాలు, చాలును. నీరు తెర్లగానే పొయ్యినుండి దింపి, ఆకు వేసి, మూతపెట్టి నాలుగు నిమిషములుంచి వడగట్టుడు. కొండలపై నీటివేడిమి తక్కువ గనుక మరియొక నిమిషముంచినను తప్పులేదు. అంగడిలో దొరకు గుళికల టీపొడియైనచో 7 గ్రాములు, రెండు నిమిషములు చాలును. ఆకును పొయ్యిమీద నుడికింపరాదు. చేదును, వగరును దిగి, పండు రుచిని మ్రింగివేయును.

చల్లార్చిన టీ ఒక్కొక్కప్పుడు బురదనీటివలె మసకబారును. చెడిపోయినదని పారబోయకుడు. టీలోని వగరు పదార్థములును, కెఫీనును వేడిలో విడివిడిగా కరిగియుండి, చల్లబడినప్పుడు ఒకదాని నొకటి పట్టుకొని తేలుటచే నట్లగును. టీ ఎంత చిక్కనైన మసక అంత ఎక్కువ. గిన్నెలోనే మెల్లగా చల్లారనిచ్చి, పిమ్మట ఫ్రిజ్జులో పెట్టినచో చాలవరకు తేటగా నుండును. మసకబారినదానిలో కొంచెము మరిగిన నీరు పోసి కలిపిన మరల తేటపడును.

మూడవది పండు. ఒక గిన్నెడు అనాస ముక్కలు, వ్రేలెడు అల్లపుముక్క చితుకగొట్టినది, మూడు పెద్ద చెంచాల పంచదార, ఒక గ్లాసు నీరు కలిపి సన్నని సెగపై ఐదారు నిమిషము లుడికించి, పిసికి వడగట్టుడు. పంచదారను వేడిలోనే కరగింపవలెను. చల్లని టీలో వేసిన నడుగున పేరుకొనును. ఉడికించుటవలన పండును తాకిన చేతుల మాలిన్యముకూడ పోవును. ఈ పాకమును వేడి టీలో కలిపి చల్లార్చుడు. రెండు మిరియపు గింజలు దంచి వేసికొన్నచో మా కొండల ఘాటు తెలియును.

అనాస లేని కాలమున వేరు పండ్లు. నేరేడుపండ్లు రంగు నిచ్చును, గింజలు చితుకనీయరాదు. జామపండ్ల పాకము తియ్యగానుండును గాని తేట రాదు. చలికాలమున లంబసింగివైపునుండి వచ్చు స్ట్రాబెర్రీలను రెండు నిమిషములకు మించి ఉడికింపరాదు. నిమ్మరసము మాత్రము ఉడికింపక, కడిగిన పండునుండి కడపట పిండవలెను. అది పడగానే టీ నలుపు తగ్గి తేనెరంగు తేలుట చూచి పిల్లలు సంతసింతురు. పులుపు టీ రంగును పలుచబరచును. ఈ తేనీటిలో పాలు పోయరాదని వేరుగ చెప్పనక్కరలేదు. పులుపునకు పాలు విరుగును. పచ్చి అనాసరసమైనచో పాలను చేదుకూడ చేయును.

నాలుగవది చల్లబరచుట. ఫ్రిజ్జు లేనివారు, కరెంటు లేనివేళ నేమి చేయవలెనని అడుగుదురు. ఎండకాలమైనచో తేనీటిని సీసాలో పోసి బిరడా బిగించి, తడిగుడ్డ చుట్టి, గాలి వీచు నీడలో నుంచుడు. తడి యారుచు వేడిమిని తీసికొనిపోవును. వానకాలమున మా లోయలో గాలియే తడిసియుండును గనుక ఈ యుపాయము పనిచేయదు. అప్పుడు సీసా మెడవరకు పారు గెడ్డనీటిలో నిలిపియుంచినచో అరగంటలో చల్లబడును. గెడ్డ చల్లదనము లోనికి రావలెను, గెడ్డనీరు రాకూడదు. బిరడా నీటికి పైననే యుండవలెను. మంచంత చల్లదనము రాకున్నను దాహమునకు అది చాలును. ఆ జూన్ మాసమున నాకీ యుపాయము తోచియున్న నెంత బాగుండెడిది!

చేసిన తేనీటిని ఫ్రిజ్జులో రెండు దినములకు మించి ఉంచకుడు. బయటనైనచో ఆ పూటకే త్రాగివేయుడు; పంచదారయు, పండును గల నీరు వేగముగ పులియును. తేయాకును నీటిలో వేసి సీసాను ఎండలో పెట్టు పద్ధతి కొందరు చెప్పుదురు. అందులో నీరు క్రిములు చచ్చునంత వేడెక్కదు. వెచ్చగానుండి క్రిములను పెంచును. దానిని విడువుడు.

కాఫీ పంట మా కొండలకు పేరు తెచ్చినది. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. గింజ తీసిన పిదప మిగులు పండుతొక్క చాలవరకు ఎరువు గుంటకే పోవును. ఎమను దేశమువారు ఆ తొక్కను ఎండబెట్టి అల్లముతో కాచి తరతరములుగా త్రాగుచున్నారు. దానిని ఖిష్ర్ అందురు. పురుగుమందు చల్లని తోటలోని ఎఱ్ఱని పండ్ల తొక్కను, గింజ తీసిననాడే కడిగి, వలపై పలుచగా ఎండబెట్టుకొన్నచో మనమును కాచుకొనవచ్చును. బూజు పొడ కనబడినచో అంతయు పారవేయవలెను. పండును ఆకును కలసిన రుచి దానియందే యున్నది, తేయాకు కొననక్కరలేదు.

కడపట తల్లులకు రెండు మాటలు. టీలోని వగరు, అన్నములోని ఇనుమును దేహము గ్రహింపకుండ నడ్డుపడును. రక్తము తక్కువగా నున్న స్త్రీలు, గర్భిణులు భోజనముతో దీనిని త్రాగక, గంట రెండుగంటల యెడముంచవలెను. పసిపిల్లలకు టీ వలదు. కాచి చల్లార్చిన నీటిలో ఆ పండ్ల పాకమునే కలిపి ఇండు. మా గిరిజన తల్లులు పిల్లల కిచ్చు చోడి అంబలి యీ తేనీటికంటె బలకరమైనదని కూడ మరువరాదు. ఇది వేడుకకు, అది ఆకలికి.

మా చెల్లెలి పిల్లలు మరుసటి యేడు మరల వచ్చిరి. అనాస తేనీరు కావలెనని వారే అడిగిరి. ఇచ్చితిని. చిన్నవాడు గ్లాసు పుచ్చుకొని, త్రాగకముందే, “ఈ అయిసు ఏ నీళ్ళు పెద్దమ్మా?” అని యడిగినాడు. కాచిన నీళ్ళేనని చెప్పిన పిమ్మటనే పెదవుల కానించినాడు. మీ యిండ్లలోని పిల్లలును, పెండ్లి పందిళ్లలోను, తిరునాళ్లలోను చల్లని గ్లాసు చేతికి వచ్చినప్పుడు ఆ ప్రశ్న నడుగ నేర్చుకొన్నచో నా యీ ప్రసంగము సార్థకమైనట్లే.