కాలేజీలో కమిటీ ఏది? కోర్టులో సాక్ష్యం ఏది?

విద్యార్థినుల ఫిర్యాదుల్లో మొదటి రోజే కీలకం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: తండా నుంచి మొదటి బస్సుకు బయలుదేరిన ఆడపిల్ల పొద్దుగూకాక ఇల్లు చేరుతుంది. ఫీజు సంగతి, బస్ పాస్ సంగతి తండ్రికి చెబుతుంది. కాలేజీలో జరగరానిది జరిగితే మాత్రం నోరు విప్పదు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని భయం. ప్రిన్సిపాల్‌కు చెబితే కాలేజీ పరువు పోతుందంటారని భయం.

ఈ మూడు జిల్లాల్లో చదువు దగ్గరికొచ్చింది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. 2022 జూన్‌లో జిల్లా కోర్టులూ వచ్చాయి. మరి న్యాయం దగ్గరికొచ్చిందా?

2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోశారు. మూడు రోజులకే ముగ్గురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించారు. జనం హర్షించారు. గాయపడిన వారిలో ఒకమ్మాయి నెల తిరగకముందే కన్నుమూసింది. కేసు మాత్రం కోర్టు మెట్లెక్కనే లేదు.

మెట్లెక్కిన కేసు గతి చూద్దాం. 2007 డిసెంబర్ 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. 2008లో ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషి అంటూ విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్ల జైలు జీవితానికి అదీ ఖరీదు! 2018లో కేసు సి.బి.ఐ.కి వెళ్లింది. అప్పటికి కోర్టులో భద్రపరచవలసిన వస్తువులు ధ్వంసమైపోయాయని తేలింది. తల్లిదండ్రులకు న్యాయం లేదు, ఆ యువకుడి వయసు తిరిగి రాదు. దర్యాప్తు చెడితే ఇరువైపులా ఇల్లు కూలుతుంది.

అందుకే మొదటి అడుగు సరిగా పడాలి. 2013 చట్టం, యు.జి.సి. 2015 నిబంధనల ప్రకారం కళాశాలలో అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ అధ్యాపకురాలు అధ్యక్షురాలు. సగం మంది మహిళలు. బయటి సభ్యులు ఒకరు. విద్యార్థుల వ్యవహారమైతే ముగ్గురు విద్యార్థులూ కూర్చుంటారు. మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే మరో మూడు నెలలు గడువిస్తారు. 7 రోజుల్లో అవతలి వ్యక్తికి నకలు, 10 రోజుల్లో అతని జవాబు, 90 రోజుల్లో విచారణ పూర్తి. ఈలోగా అతడు ఆమె పేపర్లు దిద్దకుండా ఆపవచ్చు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఆమెది అబద్ధమని శిక్షించరాదు.

తొందరపాటూ తగదు. గోవా విశ్వవిద్యాలయంలో విద్యార్థినుల ఫిర్యాదుపై 2009లో కమిటీ హడావుడిగా విచారణ ముగించింది. అధ్యాపకుణ్ణి ఉద్యోగం నుంచి తీసేశారు. అతనికి చెప్పుకొనే అవకాశం సరిగా ఇవ్వలేదంటూ 2023 మే 12న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి, విచారణ మళ్లీ జరపమంది. ఫిర్యాదు చేసిన పిల్లలకు పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ మొదటికొచ్చింది!

అయితే అత్యాచారం కాలేజీ గదిలో తేల్చే తగవు కాదు. కమిటీ క్రమశిక్షణ చర్య తీసుకోగలదు, జైలుకు పంపలేదు. అమ్మాయి కోరితే పోలీసు ఫిర్యాదుకు కమిటీ తోడ్పడాలి. మా పరిధి కాదని స్టేషన్ వారు తిప్పి పంపరాదు. వాంగ్మూలం మహిళా అధికారి తీసుకోవాలి. సమాచారం అందిన 24 గంటల్లో వైద్య పరీక్షకు పంపాలి. కోర్టు విచారణ మూసిన తలుపుల వెనుక జరగాలి. పేరు బయటపెడితే నేరం.

ఇంటర్ పిల్లల సంగతి వేరు. 18 ఏళ్లలోపు వారైతే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి. ఊరి పెద్దల ముందు రాజీ చేసి దాచిపెట్టడం నేరం.

కమిటీలు నిజంగా ఉన్నాయో లేవో చూడమని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది, 2024 డిసెంబర్‌లో మళ్లీ చెప్పింది. మూడు జిల్లాల కలెక్టర్లు ఒక్కొక్క కాలేజీ తనిఖీ చేయించాలి. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఆఫీసు ఫైల్లో కాక గేటు దగ్గర బోర్డుపై తెలుగులో రాయించాలి. మొదటి బస్సు దిగిన పిల్ల ఎవరినీ అడగకుండానే చదువుకోగలగాలి.