పాతాళభైరవి: నాయక ప్రతినాయక లక్షణములు

నిజామాబాదులో దశరూపకము పాఠము చెప్పుచు, లక్ష్యముగా పాతాళభైరవి చిత్రమును విద్యార్థులకు చూపితిని. బోధను ప్రాంతపు చెఱకురైతు కుమారు డొకడు లేచి, "సార్, ఇద్దరు కోరింది ఒక్క బొమ్మనే గదా! ఒకడు హీరో, ఒకడు విలన్ ఎట్లయిండ్రు?" అని యడిగెను. చెఱకు చేతికి వచ్చుటకు ఏడాది పట్టును. 2015లో బోధను చక్కెర కర్మాగారము మూతపడిన పిదప ఆ పంటను దూరపు మిల్లులకు తోలవలసి వచ్చినది. అట్టి యింటివానికి ప్రతిమ మహిమచే వెలసిన మేడపై శంక కలుగుట సహజము.

1951లో విజయావారు నిర్మించిన ఈ సాహసచిత్రమునకు దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు. కాశీమజిలీ కథల ఛాయలును, అల్లావుద్దీను కథ ఛాయలును ఇందు గలవు.

నాయకుడు రూఢవంశుడు కావలెనని ధనంజయుని మతము. రామారావు ధరించిన తోటరాముడు తోటమాలి కుమారుడు. వంశము లేనిచోట రాజు ఐశ్వర్యమును కోరెను. తనతో సమానమైన సంపద తెచ్చిననే కూతు నిత్తు ననెను. ఆ నిబంధనయే రాముని గుహకు నడిపినది.

ప్రతినాయకుని విషయమున దండి మాట మఱింత ఉపకరించును. శత్రువుయొక్క వంశవీర్యవిద్యలను వర్ణించి, పిదప వాని నోడించుటచే నాయకుని ఉత్కర్ష చెప్పుట హృద్యమని ఆయన తలంపు. రంగారావు మాంత్రికుని అట్లే నిలిపెను. ఆ మందగమనమును, పదమును నొక్కి పలుకు తీరును చూచినపుడు భయముతోపాటు గౌరవమును కలుగును. "డింభక" యను నిఘంటుపదము, చిత్రము చూడని పిల్లలకు సైతము తెలిసినదనిన, అది వాని చలవయే.

ఇక ప్రశ్నకు వత్తము. మాంత్రికుడు పరుని శిరస్సు నర్పించి ప్రతిమను పొందగోరెను గనుక దుష్టుడందుమా? రాముడును మాంత్రికునే బలి యిచ్చి దానిని పొందెను. మొదట మోసము తలపెట్టిన దెవరనునదే అచ్చటి భేదము. అది చాలీచాలని భేదము. కథకులకును ఇది తోచినట్లున్నది. కావుననే కథ రాముని ఐశ్వర్యముతో ముగియలేదు. శిష్యుడు సదాజపుడు గురువును బ్రతికించెను. ప్రతిమయు మేడయు రాకుమారియు రాముని చేయి దాటిపోయిరి. నా దృష్టిలో రాముడు నాయకు డగుట ఈ నష్టము తరువాతనే. మాయావస్తువుల సాయము లేకపోలేదు గాని, అంతమున పనిచేసినది యుక్తియే. రాముని మిత్రుడు అంజి సదాజపుని వేషమున చేరి, రాకుమారి మెచ్చునని నమ్మించి, మాంత్రికుని శక్తికి నిలయమైన గడ్డమును తీయించెను. ప్రతినాయకునకు ధనంజయుడు చెప్పిన లక్షణములలో కడపటిది వ్యసనము. అంతటి సాధకుడు ఒక్క వలపునకు లోబడి చెడెను.

ఇంత చెప్పినను ఆ విద్యార్థి కూర్చుండలేదు. "మరి పైసలు తెస్తెనే పిల్లనిస్త అన్న రాజు ఏందిసార్?" అనెను. ధనంజయుని పట్టికలో లోభమే మొదటిది.