ఎందుకని అడిగితే చెప్పే యంత్రం

టార్చిలైటు వెలగలేదనుకోండి. ముందు సెల్సు మారుస్తారు. అప్పటికీ వెలగకపోతే బల్బు మాడిందేమో చూస్తారు. "సెల్సు కొత్తవైనా వెలగకపోతే, బల్బు చూడాలి" అనే నియమం మీ మనసులో ఉందన్నమాట. ఇటువంటి నియమాలనే ఇస్తే కంప్యూటరు కూడా నిపుణుడిలా ఆలోచించగలదా?

1970వ దశకంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ 'మైసిన్' అనే ప్రోగ్రామును రూపొందించాడు. రక్తంలో చేరి జబ్బు కలిగించే బాక్టీరియా ఏదో ఊహించి, తగిన మందు సూచించడం దాని పని. ఇందులో రెండు భాగాలున్నాయి.

మొదటిది నియమాల పట్టిక. వైద్యుల అనుభవాన్ని కొన్ని వందల నియమాలుగా రాశారు. ఒకటి చూడండి: బాక్టీరియా గ్రామ్ రంగు పరీక్షలో నెగటివ్ అయి, కడ్డీ ఆకారంలో ఉండి, ఆక్సిజన్ లేనిచోట పెరిగేదైతే, అది బాక్టీరాయిడ్స్ కావచ్చు. ఈ "కావచ్చు"కు 0.6 అని విలువ కూడా కట్టారు. పూర్తి నమ్మకమైతే 1 అన్నమాట.

రెండవది తర్కయంత్రం. "ఇది బాక్టీరాయిడ్స్ అని తేల్చాలంటే ఏమేమి తెలియాలి?" అంటూ ఇది ఫలితం నుంచి వెనక్కి నడుస్తుంది. తెలియనివి డాక్టరును అడుగుతుంది. "ఎందుకడుగుతున్నావు?" అని డాక్టరు ఎదురు ప్రశ్న వేస్తే, తాను వాడుతున్న నియమాన్ని చూపిస్తుంది!

తర్కయంత్రానికి వైద్యం తెలియదు. అది పిండిమర వంటిది. బియ్యం పోస్తే బియ్యప్పిండి, జొన్నలు పోస్తే జొన్నపిండి. మైసిన్ నుంచి నియమాలు తీసేయగా మిగిలిన యంత్రానికి 'ఎమైసిన్' అని పేరు పెట్టారు. అందులో ఊపిరితిత్తుల పరీక్షల నియమాలు నింపితే 'పఫ్' అనే కొత్త నిపుణుడు తయారయ్యాడు.

1979లో ప్రకటించిన ఒక పరిశీలనలో, మెనింజైటిస్ వచ్చిన 10 మంది రోగులకు మైసిన్ సూచించిన చికిత్సలను, ఆచార్యులు సూచించినవాటిని, ఎవరివో చెప్పకుండా 8 మంది నిపుణులకు చూపారు. మైసిన్‌కు 65 శాతం ఆమోదం లభించింది. ఆచార్యులలో ఎవరికీ 62.5 శాతం మించలేదు.

అయినా మైసిన్‌కు రోగులను అప్పగించలేదు. నియమాల పట్టికలో లేని జబ్బు ఎదురైతే దానికేమీ తెలియదు. పొరపాటు జరిగితే బాధ్యత ఎవరిది?

నేటి కంప్యూటర్లు ఎన్నో లక్షల ఉదాహరణల నుంచి తామే నేర్చుకుంటున్నాయి. కాని వాటి జవాబుకు అసలు కారణమేమిటో తేల్చడం చాలాసార్లు కష్టమే. అందుకే కారణం చూపి తీరవలసిన చోట నియమాల పద్ధతికి నేటికీ విలువ ఉంది.

సైకిలు కదలకపోతే ఏం చూడాలో అయిదు నియమాలు రాయండి. వాటిని మీ స్నేహితునికిచ్చి, అవి మాత్రమే పాటించమనండి. మీరు రాయడం మరచినదేమిటో వెంటనే తెలిసిపోతుంది!