నిలబడి పాడిన తీజన్‌బాయి

నుదుట పెద్ద కుంకుమబొట్టు, చేత నెమలి పింఛాలు కట్టిన తంబురా. నిండు సభలో ద్రౌపది పరాభవాన్ని వర్ణించేటప్పుడు ఆ తంబురాయే దుశ్శాసనుని చేయి. మరుక్షణం అదే భీముని గద. ఆపైన అర్జునుని గాండీవం. వేషం లేదు, తెర లేదు. ఒక్క స్త్రీ వేదికనంతా కలయదిరుగుతూ మహాభారతాన్ని కళ్ళకు కట్టిస్తుంది. వెనుక కూర్చున్న సహగాయకుడు ‘ఊ’ కొడుతూ, నడుమనడుమ ప్రశ్నలు వేస్తూ కథను ముందుకు నడుపుతాడు. బుర్రకథలో వంతల నెరిగిన తెలుగువారికి ఈ పద్ధతి పరాయిదిగా తోచదు. ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో దీని పేరు పండవానీ.

పండవానీలో రెండు బాణీలున్నాయి. కూర్చుండి గానం చేసేది వేదమతి. నిలబడి అభినయిస్తూ చెప్పేది కాపాలిక. స్త్రీ పాడదలిస్తే కూర్చుండియే పాడవలసి ఉండేది. నాటి ఆచారం అది.

తీజన్‌బాయి 1956లో భిలాయికి చేరువనున్న గనియారీ గ్రామంలో, పార్ధీ తెగలో జన్మించారు. సోవియట్ సహకారంతో భిలాయి ఉక్కు కర్మాగారం నిర్మాణమవుతున్న రోజులవి. మాతామహుడు బ్రిజ్‌లాల్ సబల్‌సింగ్ చౌహాన్ మహాభారతాన్ని గానం చేస్తూ ఉంటే, ఆ బాలిక విని విని కంఠస్థం చేసింది. బడి చదువు లేదు, అంతా జ్ఞాపకమే. ఉమేద్‌సింగ్ దేశ్‌ముఖ్ వద్ద కొంత శిక్షణ లభించింది. పదమూడవ యేట చంద్రఖురీ గ్రామంలో తొలి ప్రదర్శన ఇచ్చింది; ప్రతిఫలం 10 రూపాయలు. అదీ కాపాలిక బాణీలోనే, నిలబడి!

అందుకు చెల్లించిన మూల్యం మాత్రం పెద్దది. పన్నెండేళ్ళకే వివాహమైన ఆ పిల్లను, ఆడది పాడటమేమిటని తెగ వెలివేసింది. చిన్న గుడిసె వేసుకొని, ఇరుగుపొరుగువారి వద్ద గిన్నెలూ గింజలూ అడిగి తెచ్చుకొని బ్రతికింది. గానం మానలేదు. భర్త ఇంటికి వెళ్ళనూ లేదు.

ప్రసిద్ధ నాటక ప్రయోక్త హబీబ్ తన్వీర్ దృష్టిలో పడిన పిమ్మట ఆమె జీవితం మలుపు తిరిగింది. ప్రధాని ఇందిరాగాంధీ ఎదుట పాడారు; విదేశాలకు వెళ్ళారు; శ్యామ్ బెనెగల్ దూరదర్శన్ ధారావాహిక ‘భారత్ ఏక్ ఖోజ్’ ద్వారా ఇంటింటికీ పరిచయమయ్యారు. అయినా కళాకారిణికి చప్పట్లు అన్నం పెట్టవు గదా! ఉక్కు కర్మాగారంలో దొరికిన ఉద్యోగమే ఆమెకు నెలనెలా జీతమిచ్చింది. భిలాయిని గురించి వ్రాసేవారు రైలు పట్టాల పొడవును లెక్కిస్తారే గాని, ఈ సంగతి తలచరు.

సముద్రాల కావలి జమైకా ద్వీపంలోనూ ఇట్టి ఉదంతమే ఒకటున్నది. రెగే సంగీతపు లయపై మాటలల్లి పలికేవారిని అక్కడ ‘డీజే’ అంటారు. చాలాకాలం అది మగవారి విద్య. 1982లో సిస్టర్ నాన్సీ అనే యువతి పాట ‘బామ్ బామ్’ వెలువడింది. కాలక్రమాన అది లోకమంతా మారుమ్రోగినా, ఆమె అమెరికాకు వలసపోయి బ్యాంకులో ఉద్యోగం చేయవలసివచ్చింది.

తీజన్‌బాయికి 1995లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ లభించాయి. ఆమె వద్ద శిక్షణ పొందిన ఉషా బార్లే కూడా భిలాయివాసియే. 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమె కూడా తంబురా చేతబట్టి నిలబడియే పాడతారు.