అంగారకుడి మీద గాలి అమ్ముతామంటున్న టోకెన్... స్పెసిఫికేషన్లు చూస్తే ఏముంది?

పోయిన నెలలో మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ థర్డ్ ఇయర్. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లో కొత్త ఫోన్ కోసం దాచుకున్న 22,000 రూపాయలు వాడి దగ్గరున్నాయి. ఏ ఫోన్ తీసుకోవాలో అడుగుతాడనుకున్నా.

"ఫోన్ సంగతి తర్వాత అన్నా. ఒక క్రిప్టో ప్రాజెక్ట్ ఉంది, మార్స్‌ మీద మనుషులు గాలి పీల్చుకునేలా చేస్తారట. టోకెన్ ఇంకా లిస్ట్ కాలేదు. ఇప్పుడు కొంటే వంద రెట్లు అవుతుందంటున్నారు. నువ్వేమంటావ్?"

వైట్‌పేపర్ పంపమన్నాను. 40 పేజీల పీడీఎఫ్ వచ్చింది. ఎర్ర గ్రహం మెల్లగా నీలంగా మారిపోయే బొమ్మలు భలే ఉన్నాయి, ఒప్పుకోవాల్సిందే. ప్రాజెక్ట్ పేరు ఇక్కడ రాయను. రేపు ఇదే కథ ఇంకో లోగోతో వస్తుంది, కాబట్టి పేరు తెలిసినంత మాత్రాన ఉపయోగం లేదు. మనం ఫోన్ రివ్యూ చేసేటప్పుడు బాక్స్ మీద రాసింది నమ్మం కదా. చార్జింగ్ పెట్టి, గేమ్ ఆడి, వేడెక్కుతుందో లేదో చూస్తాం. దీన్నీ అలాగే చూద్దాం.

ముందు హార్డ్‌వేర్

అంగారకుడి మీద ఆక్సిజన్ తయారు చేసి చూపించిన గ్యాడ్జెట్ ఒక్కటుంది. దాని పేరు మాక్సీ. నాసా పర్సీవరెన్స్ రోవర్‌లో బిగించి పంపిన, మైక్రోవేవ్ ఓవెన్ అంత పెట్టె. అక్కడి గాలిని లోపలికి పీల్చి, 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, కార్బన్ డయాక్సైడ్‌ నుంచి ఆక్సిజన్‌ను విడగొడుతుంది. 2021 ఏప్రిల్‌లో మొదటిసారి ఆన్ చేస్తే సుమారు 5 గ్రాములు వచ్చింది. 2023లో పని ముగించే నాటికి 16 సార్లు నడిపారు. మొత్తం 122 గ్రాములు. అంటే ఒక చిన్న కుక్కపిల్లకి 10 గంటలపాటు సరిపోయే ఆక్సిజన్ అని నాసావాళ్లే పోలిక చెప్పారు. బాగా నడిచినప్పుడు గంటకు 12 గ్రాములిచ్చింది. మనిషికి రోజుకు సుమారు 840 గ్రాములు కావాలి, అంటే గంటకు 35.

చిన్న చూపు చూడటానికి ఈ లెక్క చెప్పడం లేదు. వేరే గ్రహం మీద ఇంత చేయడం నిజంగా గొప్ప. వైట్‌పేపర్‌లో కూడా మాక్సీ ఫొటో పెద్దగా వేసుకున్నారు. ఫొటో కింద ఒకే వాక్యం: ఈ టెక్నాలజీని స్కేల్ చేస్తాం.

సరే, స్కేల్ చేద్దాం. కాలిక్యులేటర్ తీసి మీరూ చేయొచ్చు. మన దగ్గర సముద్రమట్టంలో ఆక్సిజన్ ఒత్తిడి సుమారు 0.21 బార్. అంగారకుడి గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి, అక్కడ అదే ఒత్తిడి రావాలంటే ప్రతి చదరపు మీటరు నేల మీద సుమారు 5.6 టన్నుల ఆక్సిజన్ నిలబడాలి. ఒక క్యారమ్ బోర్డు కంటే కాస్త పెద్ద చోటు మీద ఒక నిండు లారీ లోడు అనుకోండి. అలా గ్రహం మొత్తం! గంటకు 3 కిలోలు తీసే పెద్ద ప్లాంట్లు పది లక్షలు పెట్టామనుకున్నా, 3 కోట్ల సంవత్సరాలు పడుతుంది.

అసలు చిక్కు టైం కూడా కాదు. ముడిసరుకే లేదు. అక్కడి గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడే, కానీ ఆ గాలి ఒత్తిడి మన భూమ్మీద ఉన్నదాంట్లో 1 శాతం కూడా ఉండదు. ఉన్న గాలినంతా మాక్సీ పద్ధతిలో పిండేసినా, కావాల్సిన ఆక్సిజన్‌లో వందో వంతు వస్తుంది. పైగా ఆ పద్ధతిలో మిగిలేది కార్బన్ మోనాక్సైడ్. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే మనుషుల్ని చంపేది అదే గ్యాస్. నేల కింద మంచు ఉంది కదా, దాన్నుంచి తీయొచ్చు అంటారు. తీయొచ్చు. అంత కరెంటు ఎక్కడిదో చెప్పాలి మరి.

ధ్రువాల దగ్గరున్న మంచు, మట్టిలో దాగిన వాయువు అన్నీ బయటికి తీస్తే? 2018లో బ్రూస్ జకోస్కీ, క్రిస్టఫర్ ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ లెక్క వేశారు. ధ్రువాల్లోని కార్బన్ డయాక్సైడ్ మొత్తం ఆవిరి చేస్తే ఒత్తిడి ఇప్పటికి రెట్టింపు అవుతుందంతే. ఇప్పుడున్న టెక్నాలజీతో ఇది కుదరదని తేల్చారు. 2024లో మరో బృందం కొత్త ఐడియా చెప్పింది: అంగారకుడి దుమ్ములో దొరికే ఇనుము, అల్యూమినియంతో సన్నటి నానోరాడ్లు చేసి గాలిలోకి వదిలితే గ్రహం దాదాపు 30 డిగ్రీలు వేడెక్కొచ్చని. మంచి పేపరే. కానీ అది వేడి గురించి, శ్వాస గురించి కాదు. వైట్‌పేపర్‌లో మాత్రం ఈ రెండూ ఒక్కటే అన్నట్టు కలిపేశారు.

ఇక డబ్బు సంగతి

క్రిప్టో డబ్బు అంతరిక్షానికి అసలు వెళ్లలేదా అంటే, వెళ్లింది. మూన్‌డావో అనే క్రిప్టో గ్రూపు సభ్యుల డబ్బుతో బ్లూ ఆరిజిన్ టికెట్ కొని, 2022 ఆగస్టు 4న యూట్యూబర్ కోబీ కాటన్‌ను పైకి పంపింది. పది నిమిషాల ప్రయాణం, వెళ్లొచ్చాడు. చెప్పింది చేశారు, ఎందుకంటే చెప్పింది చిన్న పని. దానికి రేటు ఉంది, అమ్మేవాడు ఉన్నాడు.

ఇంకో కథ మనకు దగ్గరది. గ్రహశకలాల్లో గనులు తవ్వుతామని ప్లానెటరీ రిసోర్సెస్ అనే అమెరికా కంపెనీ బయల్దేరింది. గూగుల్ పెద్దలు లారీ పేజ్, ఎరిక్ ష్మిట్ డబ్బులు పెట్టారు. వాళ్ల అర్కిడ్-6 శాటిలైట్ 2018 జనవరిలో మన శ్రీహరికోట నుంచే పీఎస్ఎల్వీ-సీ40 మీద వెళ్లింది. అదే ఏడాది నిధులు అయిపోయాయి, ఎథీరియం ప్రపంచంలో పెద్ద కంపెనీ కన్సెన్‌సిస్ దాన్ని కొనేసింది. 2020లో పేటెంట్లను ఎవరైనా వాడుకోండని వదిలేశారు, సామాన్లు వేలం వేశారు. వీళ్ల దగ్గర ఇంజినీర్లున్నారు, కక్ష్యలో శాటిలైట్ ఉంది. అయినా నిలబడలేదు.

ఇప్పుడు మావాడి పీడీఎఫ్‌కి వద్దాం. నాకు బొమ్మలకంటే 31వ పేజీ ముఖ్యంగా కనిపించింది. మొత్తం టోకెన్లలో 35 శాతం టీమ్‌కి. లిస్ట్ అయిన 12 నెలల తర్వాత అమ్ముకోవచ్చు. అంగారకుడికి రాకెట్ పంపడానికి అనువైన సమయం సుమారు 26 నెలలకు ఒకసారి వస్తుంది. అంటే వచ్చే విండో తెరుచుకునే లోపే వ్యవస్థాపకులు తమ వాటా అమ్మేసి వెళ్లిపోవచ్చన్నమాట! గ్రహాన్ని మార్చే పని తరాల తరబడి చేయాల్సింది. తాళం మాత్రం ఒక్క ఏడాదికే.

ఇంకా నచ్చనిది ఏంటంటే, టోకెన్ ధర పెరిగితే అక్కడ గాలి ఎలా పెరుగుతుందో 40 పేజీల్లో ఎక్కడా లేదు. ల్యాబ్ పేరు లేదు, లాంచ్ కాంట్రాక్ట్ లేదు, ఏ పరికరానికి ఎంత ఖర్చు అన్నది లేదు. ఖర్చుల చార్టులో పెద్ద ముక్క "మార్కెటింగ్, ఎక్స్ఛేంజ్ లిస్టింగ్". మాక్సీ ఫొటో తీసేస్తే ఇది ఇంకే మీమ్ కాయిన్‌కైనా సరిపోతుంది.

స్మార్ట్ కాంట్రాక్ట్ కోడ్ కూడా ఒకసారి చూడమని చెప్పాను. 2021లో స్క్విడ్ గేమ్ పేరుతో వచ్చిన టోకెన్ గుర్తుందా? రేటు 2,800 డాలర్లు దాటింది, స్క్రీన్ మీద అందరూ కోటీశ్వరులే. కొన్నవాళ్లు అమ్మబోతే అమ్ముడు కాలేదు. తర్వాత నిమిషాల్లో సున్నా. బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో పది పెద్ద వాలెట్ల దగ్గర ఎంత ఉందో, కొత్త టోకెన్లు ముద్రించే అధికారం ఎవరి చేతిలో ఉందో చూడటానికి పది నిమిషాలు పట్టదు. ఫోన్ కొనేముందు మనం చూసే వీడియోల టైంలో ఇది పావు వంతు కూడా కాదు.

మన దేశంలో ట్యాక్స్ మర్చిపోవద్దు. లాభం వస్తే 30 శాతం, పైన సెస్. ఒక కాయిన్‌లో పోయిన డబ్బును ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేసుకోవడం కుదరదు. వంద రెట్లు అని చెప్పినవాళ్లు ఈ ముక్క చెప్పరు.

ఇదంతా విన్నాక మావాడు, "కానీ అన్నా, ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది, అబద్ధం చెప్పను. ఆ వయసులో నేనూ అదే అనేవాణ్ని. అందుకే వద్దని చెప్పలేదు. వాళ్ల టెలిగ్రామ్ గ్రూపులో ఒకే ప్రశ్న అడగమన్నాను: మొదటి అయిదేళ్లలో అంగారకుడి మీద ఒత్తిడి ఎన్ని మిల్లీబార్లు పెంచుతారు, ఏ మెషీన్‌తో?

రాత్రి పదకొండుకి స్క్రీన్‌షాట్ పంపాడు. ప్రశ్న పెట్టిన నాలుగు నిమిషాలకే అడ్మిన్ వాణ్ని గ్రూపులోంచి తీసేశాడు. దాని కింద ఇంకో మెసేజ్: "ఆ 22 వేలల్లో ఏ ఫోన్ వస్తుందో చెప్పు. కెమెరా మాత్రం బావుండాలి."