మన ప్రక్క క్యాంపు

రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో ‘క్యాంపు’ అనే మాటకు రెండు అర్థాలున్నవి. 1953లో తుంగభద్ర కాలువలకు నీరు వదిలిన తరువాత, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలలో ఉన్న కొద్దిపాటి పొలం అమ్ముకొని, ఇక్కడ నల్లరేగడి కొని మనవాళ్ళు కట్టుకొన్న పల్లెలు ఒకటి. ఆర్.హెచ్. క్యాంపులని పిలిచే పునరావాస కాలనీలు రెండవది. మనం భూమి కోసం వచ్చాము. అక్కడి బెంగాలీ కుటుంబాలు తూర్పు బెంగాల్ విడిచి ప్రాణాలు దక్కించుకొనేందుకు వచ్చాయి. కొందరు 1971కి ముందే వచ్చారు, కొందరు ఆ యేడాదే వచ్చారు.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో మారణకాండ మొదలుపెట్టింది. ఆ సంవత్సరం ముగిసేలోగా సుమారు కోటిమంది సరిహద్దు దాటి మన దేశం చేరారు. అంతా సవ్యంగా ఉన్నదని వ్రాయించుకొనేందుకు సైన్యమే కొందరు విలేఖరులను వెంట తీసుకొనిపోయింది. వారిలో ఒకరైన ఆంథొనీ మాస్కరెన్హాస్ అట్లా వ్రాయలేక, భార్యాబిడ్డలతో లండను చేరి, జూన్ 13న ‘సండే టైమ్స్’లో కన్నది కన్నట్లు ప్రకటించాడు. ఆ యేడే జహీర్ రైహాన్ అనే దర్శకుడు కలకత్తా చేరి ‘స్టాప్ జెనొసైడ్’ అనే చిన్న చిత్రం తీశాడు. 1972 జనవరి 30న, అపహరణకు గురైన అన్నను వెదకబోయి, ఆయన కూడా తిరిగి రాలేదు.

ఆ చిత్రం నిడివి ఇరవై నిమిషాలు. బురద దారిని నడిచివచ్చే ముసలివాళ్ళను అందులో చూచి కంటతడి పెట్టని వారుండరు. అయితే చిత్రం ముగిసినా కాందిశీకుని కథ ముగియదు. ఆ నడిచినవారు ఆ తరువాత ఏ ఊరు చేరారు, తెలియని భాష ఎట్లా నేర్చారు, పిల్లల చదువుకు ఏ కాగితం చూపించారు? ఆఫీసు కాగితాలతో బ్రతికే మాకు ఈ కడపటి ప్రశ్న బరువు తెలుసు. ఈ క్యాంపులలో కొందరికి పౌరసత్వ పత్రం చేతికి వచ్చింది 2024లో!

కళ్ళారా చూచినవారు ఒక్కరొక్కరే వెళ్ళిపోతున్నారు. నేడు మన పిల్లల చేతుల్లో ఫోనులున్నవి. ఒక ఆదివారం ఆ క్యాంపుకు వెళ్ళి, పెద్దలు సరేనంటేనే, వారు చెప్పినది చెప్పినట్లు పట్టి ఉంచితే మంచిది. చెప్పలేక ఊరకుంటే, ఆ మౌనాన్ని కూడా గౌరవించాలి. ఒకే కాలువ నీళ్ళు త్రాగుతున్న ఇరుగుపొరుగులం. ఆ మాత్రం చేయలేమా?