స్క్రిప్ట్ ఆప్షన్లను తనిఖీ చేయడం ఎందుకు? ఎలా?

పాత బ్యాకప్ ఫైళ్లను తుడిచేసే చిన్న బ్యాష్ స్క్రిప్ట్ ఒకటి ఉందనుకుందాం. రెండే ఆప్షన్లు. -డి అంటే ఏ ఫోల్డర్, -ఎన్ అంటే ఎన్ని రోజులు దాటినవి. రోజులు చెప్పకపోతే డిఫాల్ట్‌గా 7. రాసిందీ వాడేదీ ఒకరే. దీనికి కూడా ఆప్షన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే కోడ్ కావాలా? పది లైన్ల పనికి ముప్ఫై లైన్ల కాపలా ఏమిటని విసుక్కునేవాళ్లున్నారు. విసుగు న్యాయమైనదే. కానీ ఆ పది లైన్లలో ఒకటి ఫైళ్లు చెరిపేది.

ఖాళీ విలువ వస్తే ఏమవుతుంది?

షెల్‌కి అడ్డుచెప్పే అలవాటు లేదు. విలువ పెట్టని వేరియబుల్‌ని వాడితే అక్కడ ఖాళీ ఉంచేసి ముందుకు పోతుంది. 2015 జనవరిలో లినక్స్‌లో స్టీమ్ గేమింగ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు కొందరికి ఇదే ఎదురైంది. దాని స్క్రిప్ట్ తానున్న ఫోల్డర్ ఏదో కనుక్కుని ఒక వేరియబుల్‌లో దాచుకునేది. తర్వాత ఒక చోట ఆ వేరియబుల్ పక్కన స్లాష్, స్టార్ చేర్చి, అడగకుండా ఫైళ్లు చెరిపే ఆర్‌ఎమ్ -ఆర్‌ఎఫ్ కమాండ్ చేతికిచ్చేది. స్టీమ్ ఫోల్డర్‌ని వేరేచోటికి మార్చినప్పుడు ఆ వెతుకులాట విఫలమైంది, వేరియబుల్ ఖాళీ అయింది, స్లాష్, స్టార్ మాత్రం మిగిలాయి. యూజర్‌కి చెరిపే హక్కున్న ఫైళ్లన్నీ పోయాయి, తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోవి కూడా. రాసినవాళ్లు ఆ లైన్ దగ్గర ఇది భయపెట్టే లైన్ అని కామెంట్ పెట్టుకున్నారు. చెక్ మాత్రం పెట్టలేదు.

గ్నూ ఆర్‌ఎమ్‌లో రూట్‌ని కాపాడే ఏర్పాటు ఉంది కదా అంటారు. అది ఒంటరి స్లాష్ ఇస్తేనే పనిచేస్తుంది. స్లాష్ పక్కన స్టార్ ఉంటే షెల్ దాన్ని ముందే విప్పి హోమ్, ఈటీసీ, యూఎస్ఆర్ అంటూ విడివిడిగా అందిస్తుంది. ఆర్‌ఎమ్‌కి అనుమానం రావడానికి ఏమీ మిగలదు.

గెట్‌ఆప్ట్స్ చూసుకోదా?

ఆప్షన్లు చదివిపెట్టే ఈ బ్యాష్ కమాండ్ కొంతే చూసుకుంటుంది. తెలియని అక్షరం వస్తే చెబుతుంది, చివరి ఆప్షన్‌కి విలువ ఇవ్వడం మరిచిపోతే చెబుతుంది. చెప్పడమే దాని పని, స్క్రిప్ట్‌ని ఆపడం మన పని. ఎర్రర్ మెసేజ్ మనమే రాసుకోవాలంటే ఆప్షన్ల జాబితా మొదట్లో ఒక కోలన్ పెట్టాలి.

ఇక అది పట్టుకోలేనివి. "-డి -ఎన్ 30" అని కొడితే ఫోల్డర్ పేరు "-ఎన్" అనుకుంటుంది. ఇది పర్లేదు, ఆ పేరుతో ఫోల్డర్ ఉండదు కాబట్టి ఎక్కడో ఒకచోట తేలుతుంది. అసలు ప్రమాదం పేరులో ఖాళీ ఉన్న ఫోల్డర్‌తో. "సేల్స్ పాతవి" అనే ఫోల్డర్‌లో 30 రోజులు దాటినవి తీసేయాలని, పనుల్ని వేళకి నడిపే క్రాన్‌లో లైన్ రాశారు, కోట్స్ పెట్టలేదు. -డికి "సేల్స్" మాత్రమే అందింది. "పాతవి" ఆప్షన్ కాదు కనుక గెట్‌ఆప్ట్స్ అక్కడే ఆగిపోయింది, వెనకున్న -ఎన్ 30ని చూడనే లేదు. రోజులు డిఫాల్ట్ 7 అయ్యాయి. పక్కనే "సేల్స్" అనే ఫోల్డర్ నిజంగానే ఉంటే? వేరే ఫోల్డర్‌లో, వేరే గడువుతో, ఒక్క ఎర్రర్ కూడా లేకుండా ఫైళ్లు పోతాయి. క్రాన్ రిపోర్ట్ చూస్తే అంతా సక్రమం.

దీనికి మందు రెండే లైన్లు. ఆప్షన్లు చదవడం అయ్యాక వాటిని షిఫ్ట్‌తో పక్కకు జరపాలి. ఇంకా ఏదైనా మిగిలి ఉంటే "ఇది నాకు అక్కర్లేదు" అని చెప్పి ఆగిపోవాలి. చాలా స్క్రిప్టుల్లో కనపడనిది ఈ చెక్కే. ఇంకో మాట, చెరిపే పనికి డిఫాల్ట్ ఉండకూడదు. ఫోల్డరూ రోజులూ రెండూ ఇచ్చి తీరాలి.

అంకెల్లో ఏముంటుంది?

ఉంటుంది. రోజులకి 010 అని ఇచ్చారనుకోండి. సింగిల్ బ్రాకెట్‌లో దాన్ని 10తో పోల్చితే సమానమే అంటుంది బ్యాష్. డబుల్ బ్రాకెట్‌లో పోల్చితే కాదంటుంది, ఎందుకంటే అక్కడ ముందు సున్నా ఉంటే ఆక్టల్ లెక్క, 010 అంటే 8. 08 అని ఇస్తే ఆక్టల్‌లో ఎనిమిదనే అంకే లేదని ఎర్రర్. కాబట్టి "అంకెలేనా?" అని అడిగితే చాలదు. మొదటిది 1 నుంచి 9లోపు అంకె, తర్వాత మహా అయితే మూడంకెలు, ఇంకేమీ ఉండకూడదు అని రెజెక్స్ పెడితే సున్నా, మైనస్, ఖాళీ, ఆక్టల్ అన్నీ ఒక్క దెబ్బకి బయటే ఉంటాయి.

పైథాన్‌లో రాసేవాళ్లకి ఆప్షన్లు చదివే ఆర్గ్‌పార్స్ మాడ్యూల్ ఈ చాకిరీ చాలా తగ్గిస్తుంది. అయినా తెలుగువాళ్లకి సరదాగా ఉండే సంగతొకటి: పైథాన్ ౩౦ని కూడా నిఖార్సైన ముప్ఫైగా తీసుకుంటుంది, ఇజ్‌డిజిట్ కూడా అంకెలేనని ఒప్పుకుంటుంది. సంతోషమే. కానీ ఆ స్ట్రింగ్‌ని అలాగే ఫైండ్ కమాండ్‌కి పంపితే చెల్లదు. ఇంటీజర్‌గా మార్చుకున్నాక ఆ మార్చినదాన్నే వాడాలి.

రూపం సరిగ్గా ఉంటే చాలా?

చాలదు. 2017 ఫిబ్రవరి 28న అమెరికాలోని ఉత్తర వర్జీనియా రీజియన్‌లో అమెజాన్ ఎస్3 స్టోరేజ్ కొన్ని గంటలపాటు కుప్పకూలింది. బిల్లింగ్ పని నెమ్మదించిందని సరిచేస్తూ, కొద్దిపాటి సర్వర్లను పక్కన పెట్టడానికి ఒక ఉద్యోగి కమాండ్ నడిపారు. అనుమతి ఉన్న మనిషే, ముందే రాసిపెట్టుకున్న పద్ధతే. ఇన్‌పుట్లలో ఒకటి తప్పు పడింది. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పోయి, రెండు కీలకమైన సబ్‌సిస్టమ్‌లను మొత్తం రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది. సేవల పరిస్థితి చూపించే అమెజాన్ సొంత డాష్‌బోర్డ్ కూడా ఎస్3 మీదే ఆధారపడటంతో కాసేపు దాన్ని మార్చలేకపోయారు.

ఆ తర్వాత అమెజాన్ టైప్ చేసేవాళ్లకి జాగ్రత్తలు చెప్పి ఊరుకోలేదు, టూల్‌నే మార్చింది. సర్వర్లను నెమ్మదిగా తీసేలా, ఏ సబ్‌సిస్టమ్ అయినా కనీస స్థాయి కంటే దిగిపోయేట్టుంటే ఒప్పుకోకుండా ఉండేలా చేసింది. మన బ్యాకప్ స్క్రిప్ట్‌కీ ఇదే పనికొస్తుంది. చెరపబోయే ఫైళ్లు ఎన్నో ముందే లెక్కపెట్టి, చెరిపాక కనీసం మూడు బ్యాకప్‌లైనా మిగలకపోతే ఆగిపోవాలి. ఫోల్డర్ ఉందా అని చూడటంతో సరిపెట్టకుండా, అందులో మనమే పెట్టుకున్న గుర్తు ఫైల్ ఉందేమో చూడాలి. అది లేకపోతే ఇది బ్యాకప్ ఫోల్డర్ కాదు, అంతే.

చెక్‌లన్నీ మొదటి ఫైల్‌ని ముట్టుకోకముందే పూర్తవ్వాలి. సగం చెరిపాక తప్పు తెలిసి ఆగే స్క్రిప్ట్ చెక్ లేనిదానికంటే పెద్ద తలనొప్పి, ఏది పోయిందో ఏది ఉందో వెతుక్కోవాలి. ఎర్రర్ మెసేజ్ ఎస్‌టీడీ ఎర్రర్‌కి వెళ్లాలి, ఎగ్జిట్ కోడ్ సున్నా కాకూడదు. ఆప్షన్ తప్పుకి 2 ఇవ్వడం చాలా టూల్స్‌లో ఉన్న ఆనవాయితీ, బీఎస్‌డీ సంప్రదాయంలో 64. "తప్పు ఆప్షన్" అని రాస్తే ఉపయోగం లేదు, "-ఎన్ కి 010 ఇచ్చారు, 1 నుంచి 9999 మధ్య కావాలి, ముందు సున్నా వద్దు" అని రాయాలి. అడిగి చూపించిన హెల్ప్ మాత్రం మామూలు అవుట్‌పుట్‌కే వెళ్లాలి, కోడ్ సున్నా.

ఇంత కాపలా ప్రతిదానికీ వద్దు. ఫైళ్లను లెక్కపెట్టి చూపించే స్క్రిప్ట్‌కి తప్పు ఫోల్డర్ ఇస్తే తప్పు లెక్క వస్తుంది, మళ్లీ నడుపుకుంటారు. చెరిపేవి, ఉన్న ఫైల్ మీదే రాసేవి, సర్వర్లు ఆపేవి, మెయిళ్లు పంపేవి: వీటి దగ్గర మాత్రం నేను లైన్లు లెక్కపెట్టను.